ప్రేక్షకుని విద్య

నాలుగేండ్లకొకమారు ఒలింపిక్ క్రీడలు సమీపించినపుడెల్ల, ఆటలయందు మక్కువ లేనివారు కాకపోయినను, ఆతిథ్యమిచ్చు ప్రభుత్వముల ఆడంబరమును, పతకములను దేశముల పౌరుషముగా లెక్కగట్టు పత్రికలను, ప్రతి పోటీని ఒక యుద్ధముగా వర్ణించు టీవీ చర్చలను, ఓడినవారిని దూషించుచు తెల్లవారకముందే సెల్‌ఫోనులోనికి వచ్చిపడు సందేశములను సహింపలేక, ఆ దినములలో ఆ వైపు చూడకుండుటయే మేలని నిశ్చయించుకొను విద్యావంతులు మన చుట్టును పలువురు కలరు. వారి విసుగు అకారణమైనది కాదు. కాని ఆ విసుగునకు వారు చెల్లించు మూల్యము మిక్కిలి పెద్దది. మానవదేహము ఏండ్ల తరబడి సాధనచేసి అందుకొన్న పరాకాష్ఠను కన్నులార చూచు భాగ్యమును, ఆటతో పొత్తులేనివారి కేకలకు వెరచి వారు వదలుకొనుచున్నారు.

అంతర్జాతీయ క్రీడలనుండి రాజకీయములను తొలగించుట మన చేతిలోని పని కాదు. అవి తొలగువరకు వేచియుండుటయు అవసరము లేదు. ఏదో ఒక ఆటను దాని నియమములతోను, అందలి నేర్పుతోను దగ్గరగా తెలిసికొన్న ప్రేక్షకుడు ఆ కోలాహలము నడుమనే కూర్చుండి పరిపూర్ణమైన ఆనందమును పొందగలడనియు, అట్టి తెలివి అభ్యాసముచేత ఎవరికైనను అలవడుననియు నా విశ్వాసము. ఆ అభ్యాసమెట్టిదో చెప్పుటకే ఈ అధ్యాయము.

ఒకనాడు క్రీడలు నిర్మలముగా నుండెననియు, మన కాలముననే చెడెననియు తలచువారు చరిత్రను ఒకసారి తిరుగవేయుట మంచిది. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలను నాజీ ప్రభుత్వము తన జాతిగర్వమును లోకమునకు చాటుకొను వేదికగా తీర్చిదిద్దెను. ఆ వేదికమీదనే అమెరికా నల్లజాతి యువకుడు జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణపతకములు గెలిచెను; లాంగ్‌జంపులో అతడు 8.06 మీటర్లు దూకి జయించినపుడు, రెండవ స్థానము పొందిన జర్మనీ యువకుడు లుట్స్ లాంగ్ అందరికంటె ముందు వచ్చి అతనిని అభినందించి, ఆ పాలకుల కన్నులయెదుటనే అతని చేతిలో చేయివైచి నడచెను. ఏడేండ్ల పిమ్మట లాంగ్ సిసిలీలో యుద్ధమునకు బలియైపోయెను. ఆనాటి ప్రచారమంతయు చరిత్రకారుల పరిశీలనకు మిగిలినది. ఆ దూకుడును, ఆ కరస్పర్శయు మాత్రము సామాన్యునికి కూడ జ్ఞాపకమున్నవి.

రాజకీయములు ఆటకు చేసిన హాని ఎట్టిదో తెలియుటకు మరియొక ఉదాహరణము చాలును. 1984 జూలై 20న తూర్పు బెర్లినులో ఉవె హోన్ అను యువకుడు జావెలిన్‌ను 104.80 మీటర్ల దూరము విసరెను. ఆనాటివరకు నూరు మీటర్లు దాటినవాడు లేడు. ఎనిమిది దినములలో లాస్ ఏంజెలిసులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభము కానుండెను. కాని సోవియట్ కూటమి దేశములు వానిని బహిష్కరించుటచే హోన్ ఇంటనే యుండిపోవలసివచ్చెను. అచ్చట స్వర్ణము గెలిచిన దూరము 86.76 మీటర్లు. తరువాత 1986లో పురుషుల జావెలిన్ గురుత్వకేంద్రమును నాలుగు సెంటీమీటర్లు ముందునకు జరిపి, అది అంత దూరము పోకుండునట్లు నిర్మాణమునే మార్చిరి గనుక హోన్ విసరిన దూరము పాత లెక్కలలో నిలిచిపోయినది. ఆ హోన్‌యే మూడు దశాబ్దములు గడచిన పిమ్మట మన దేశమునకు శిక్షకుడుగా వచ్చి, 2018 జకార్తా ఆసియా క్రీడలలో 88.06 మీటర్లు విసరి స్వర్ణము గెలిచిన నీరజ్ చోప్రాకు గురువాయెను. ప్రభుత్వములు మూసిన ద్వారము వెనుక ఒక మహావిద్య మరుగుపడిపోక, వేరొక దేశపు యువకుని భుజములోనికి ప్రవహించిన ఈ వృత్తాంతమును తెలిసినవాడు ఆ 88.06 అను అంకెను చూచు చూపు వేరుగా నుండును.

జకార్తా యన్నపుడు తెలుగునేలవారికి, విశేషించి హైదరాబాదువారికి, 1962 గుర్తుకు రావలెను. ఆ యేడు అచ్చట జరిగిన నాలుగవ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనీషియా ప్రభుత్వము రానీయలేదు. సభ్యదేశములను వెలివేసిన క్రీడలకు ఆసియా క్రీడలను పేరు తగదని మన దేశపు క్రీడాపాలకుడు జి.డి. సోంధీ అభ్యంతరము చెప్పగా, ఆగ్రహించిన జనులు భారత రాయబార కార్యాలయముమీద పడిరి. సెప్టెంబరు 4న ఫుట్‌బాల్ ఫైనల్‌కు మనవారు మైదానములోనికి అడుగిడునప్పటికి స్టేడియము క్రిక్కిరిసి యుండెను. మన జాతీయగీతము వినబడకుండునట్లు ప్రేక్షకులు గోలచేసిరి. ఎదుటి జట్టు దక్షిణ కొరియా, అంతకుముందే మనలను 2–0 తేడాతో ఓడించిన జట్టు. మన శిక్షకుడు హైదరాబాదు పాఠశాలోపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. క్యాన్సరు అతని దేహమును లోలోన తినివేయుచుండెను. గోలులో పీటర్ తంగరాజ్, ముందువరుసలో సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం. అంతకుముందొక ఆటలో తలపగిలి కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డు స్థానమున నిలిపెను.

దేహము గాయపడిన రక్షకుని దాడికి పంపుట తొందరపాటువలె తోచవచ్చును. కాని జర్నైల్ ఎత్తరి, బలశాలి, గాలిలో వచ్చు బంతిని తలతో కొట్టుటలో నేర్పరి. వెనుకనుండి బంతి ఎట్లు వచ్చునో ఎరిగినవాడు గనుక ముందు నిలిచి దానిని ఎట్లు అందుకొనవలెనో కూడ ఎరుగును. మొదటి ఇరువది నిముషములలోపలనే పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ మరియొక గోలును చేసిరి. కొరియా చివరి నిముషములలో ఒకటి చేసినను, ఆట 2–1తో మనదాయెను. ముందునాడే హాకీ ఫైనలులో మనలను ఓడించిన పాకిస్తాను జట్టువారు ఆ గోలనడుమ మన ఫుట్‌బాల్ జట్టుకు జేజేలు పలికిరని మన ఆటగాండ్లు పిదప చెప్పుచుండెడివారు. రహీం మరుసటి సంవత్సరము జూన్ మాసమున కన్నుమూసెను.

ఆ దినమున జకార్తాలో జరిగిన అల్లరిని కాదనుటకు వీలులేదు; సోంధీ మాట ధర్మసమ్మతమైనదని నేనును నమ్ముచున్నాను. అయినను ఆ మధ్యాహ్నమున అచ్చట కూర్చుండిన ఒక ప్రేక్షకుడు రాయబారముల సంగతి మాత్రమే చూచియుండినచో, రక్షకుని దాడికి మార్చిన ఒక గురువు బుద్ధిసూక్ష్మతను చూచియుండడు. మైదానమున జరిగిన దానిలో శాశ్వతమైనది ఆ మార్పే. ఆటను చూచుటకు కన్నులు చాలవు. దేనిని చూడవలెనో ముందే తెలిసియుండవలెను.

ఇక వార్తాప్రచారము సంగతి. దీనిచే కలుగు బాధ రాజకీయముల బాధకంటె సూక్ష్మమైనది, నిత్యమైనది. 2021 ఆగష్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసరి స్వర్ణము గెలిచెను. పాకిస్తాను యువకుడు అర్షద్ నదీం ఐదవవాడుగా నిలిచెను. కొన్నాళ్లకు నీరజ్ ఒక సంభాషణలో, పోటీ మొదలగునపుడు తన జావెలిన్ కనబడక వెదకితిననియు, అది అర్షద్ చేతిలో నుండగా అడిగి తీసికొంటిననియు మాటవరుసకు చెప్పెను. అంతే. ఆ ఒక్క మాటను పట్టుకొని, పరదేశీయుడు మన వీరుని ఆయుధమును అపహరింపజూచెనని సందేశములు దేశమంతట వ్యాపించినవి. నీరజ్ స్వయముగా ముందునకు వచ్చి, అర్షద్ ఏ తప్పును చేయలేదనియు, తన పేరును ద్వేషప్రచారమునకు వాడుకొనవలదనియు వేడుకొనవలసివచ్చెను.

ఆ వార్తను విని ఉడికిపోయినవారికిని, విని నవ్వుకొని ఊరకున్నవారికిని భేదము దేశభక్తిలో లేదు. ఒక చిన్న నియమమును తెలిసియుండుటలో ఉన్నది. క్రీడాకారుడు తన సొంత జావెలిన్‌ను తెచ్చుకొన్నను, అధికారులు దానిని పరీక్షించి మైదానములో స్టాండుమీద ఉంచిన పిమ్మట, పోటీలోనున్న ఎవరైనను దానిని తీసికొని విసరవచ్చును. ఈ సంగతి ఎరిగినవానిని ఏ సందేశమును రెచ్చగొట్టలేదు. ద్వేషప్రచారమునకు తగిన విరుగుడు నీతిబోధలోకంటె నియమజ్ఞానములోనే ఎక్కువగా కలదని నేను తలచుట ఇందువలననే.

2024 ఆగష్టు 8న పారిసులో కథ మారినది. అర్షద్ తన రెండవ ప్రయత్నమున 92.97 మీటర్లు విసరి, 2008 బీజింగులో నెలకొన్న 90.57 అను ఒలింపిక్ రికార్డును తుడిచివేసెను. నీరజ్ 89.45తో రజతము పొందెను. హర్యానా పల్లెలోని నీరజ్ తల్లి, స్వర్ణము గెలిచినవాడును తమ బిడ్డ వంటివాడేయని పలికిన పలుకు రెండు దేశములయందును మన్నన పొందినది. కాని తరువాతి వసంతమున కాశ్మీరులోని పహల్‌గాంలో ఉగ్రవాదుల దారుణము జరిగినపుడు, అంతకు ముందే తాను బెంగుళూరులో జరుపబూనిన పోటీకి అర్షద్‌ను ఆహ్వానించియుండిన పాపమునకు నీరజ్‌ను, అతని కుటుంబమును జనులు దూషించిరి. నిన్న తల్లి సరళత్వమును కొనియాడిన నోళ్లే నేడు నిందించుచున్నవని అతడు బాధపడెను. దేశమునకు కలిగిన దుఃఖము నిజమైనది. ఆ దుఃఖమునకు ఒక క్రీడాకారుని తల్లిని గురిచేయుట అన్యాయము.

ఇప్పుడు అభ్యాసమునకు వత్తము. రాబోవు క్రీడలకు ముందు, ఏదో ఒక్క ఆటను ఎన్నుకొనుడు. అన్నిటిని చూడబోయినవానికి పతకాల పట్టిక తప్ప ఏమియు మిగులదు. ఉదాహరణమునకు జావెలిన్‌నే తీసికొందము. పురుషుల జావెలిన్ బరువు 800 గ్రాములు, స్త్రీలది 600. పురుషులది సుమారు రెండున్నర మీటర్లకు పైబడిన పొడవు. 2024 పారిసు ఫైనలులో పన్నెండుగురు మూడేసి మారులు విసరిరి. వారిలో ఎనిమిదిమందికి మరి మూడు అవకాశములు లభించెను. కొత్తగా చూచువాడు గాలిలోని ఈటెవెంట కన్నులను పరుగెత్తించును. మీరట్లు చేయక, మొదట పాదములను చూడుడు. పరుగు చివర క్రీడాకారుడు మేనిని ప్రక్కకు త్రిప్పి, కాలుమీద కాలు దాటించుచు వేయు అడుగులు కలవు; వాని పిమ్మట, కుడిచేతివాటమువాడైనచో, ఎడమకాలు చాచినది చాచినట్లు నేలలో దిగగొట్టినట్లు నిలుచును. పరుగువేగమంతయు ఆ నిలిచిన కాలిని కొట్టుకొని, నడుముగుండ, రొమ్ముగుండ, భుజముగుండ పైకెగసి చేతికి చేరును. ఆ కాలు మోకాటివద్ద కొంచెము వంగినను దూరము తరిగిపోవును. నీరజ్ విసరిన వెంటనే ముందునకు చేతులమీద పడుట మీరు చూచియుందురు. అంతటి వేగమును చివరి క్షణమున ఆపుకొనుటలోని కష్టమది. ఆ పడుటలో గీత తగిలెనా, అది ఫౌల్.

ఇది తెలిసినవానికి పారిసు ఫైనలులో నీరజ్ ఆరింట ఐదు ఫౌల్‌లైన సంగతి అవమానముగా తోచదు. అర్షద్ విసరిన దూరమును అందుకొనుటకు అతడు దేహమును ఎంత అంచువరకు తోసెనో అది చెప్పును. తన విసురు చాలదని తోచినపుడు దానిని కొలువకుండునట్లు క్రీడాకారుడు కావలెననియే గీత దాటుటయు కలదు. దీనిని ఎరుగని వ్యాఖ్యాత దానిని పొరపాటనును. మీకు తెలిసినది వ్యాఖ్యాతకు తెలియకపోయిన ఆ క్షణమున మీకు కలుగు స్వాతంత్ర్యము చిన్నది కాదు.

ఆట సాగుచుండగా టీవీ శబ్దమును తగ్గించివేయుడు. మైదానపు సవ్వడి మాత్రము ప్రసారము చేయు సదుపాయమున్నచో అదియే ఉత్తమము. పతకము వచ్చు నిముషమును మాత్రమే కాక, అర్హతపోటీని కూడ చూడుడు. అచ్చట కేకలుండవు, ప్రకటనలు తక్కువ, క్రీడాకారుల ముఖములలో భయమును ఆశయు దాపరికము లేక కనబడును. పోటీ ముగిసిన పిదప, పత్రికను గాని సెల్‌ఫోనును గాని తాకకముందే, మీరు చూచినదానిని నాలుగు వాక్యములలో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు: ఎవరు ఎట్లు ఆడిరి, ఏ ఘట్టమున ఆట తిరిగెను, మీకు అర్థము కానిదేమి. మరునాటి వార్తను ఈ నాలుగు వాక్యములతో పోల్చి చదువుడు. మీ చూపు ముందు, ఇతరుల మాట వెనుక నుండవలెను. ఈ క్రమము తారుమారైనచో మనము ఇతరుల కన్నులతోనే చూచుటకు అలవాటుపడుదుము.

పతకాల పట్టికను గురించి ఒక మాట. ఒలింపిక్ శాసనపత్రమే ఈ పోటీలు క్రీడాకారుల నడుమ జరుగునవి గాని దేశముల నడుమ జరుగునవి కావని చెప్పుచున్నది. దేశములవారీ స్థానములను నిర్వాహకులు నిర్ణయింపరాదనియు చాలకాలము శాసించినది. ఆ పట్టికలను లెక్కగట్టు విధమును ఒక్కటి కాదు. స్వర్ణములను ముందు లెక్కించువారు కొందరు, మొత్తము పతకములను లెక్కించువారు కొందరు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ యయ్యెను. పట్టికలో అది ఒక్క కాంస్యము. కాని ఆమెకు పైనున్న యిద్దరును ఎత్తినది 242.5 కిలోలే, వారిద్దరిలో దేహభారము తక్కువగా నున్నవారికి నాటి నియమమునుబట్టి స్వర్ణము దక్కెను. చివరి ప్రయత్నమున మల్లీశ్వరి స్వర్ణమునే కోరి 137.5 కిలోలను నెత్తికెత్తబూని విఫలురాలాయెను. రజతముతో తృప్తిపడు లెక్కవేయని ఆ సాహసమును ఏ పట్టికయు చూపజాలదు.

మరియొక అభ్యాసము: ప్రతి క్రీడలయందును ఒక పరదేశపు క్రీడాకారుని మీవానిగా చేసికొనుడు. 2016 రియో బ్యాడ్మింటన్ ఫైనలులో మన సింధు మొదటి గేమును 21–19తో గెలిచి, తక్కిన రెండింటిని స్పెయిను యువతి కరోలినా మారిన్‌కు ఓడిపోయెను. చివరి పాయింటు పిమ్మట మారిన్ నేలపై పడి కన్నీరు కార్చుచుండగా, సింధు నెట్టు దాటిపోయి ఆమెను లేపి కౌగిలించుకొని, క్రింద పడియున్న ఆమె రాకెట్టును తీసి యథాస్థానమున ఉంచెను. ఆ రాత్రి తెలుగు ఇండ్లలో నిరాశ నిండియుండినను, మారిన్ ఎడమచేతి ఆటలోని వేగమును ముందునుండి ఇష్టపడి చూచినవారికి ఆ నిరాశతోపాటు ఒక నిండుదనము కూడ లభించినది.

ఇంతవరకు చదివి, అన్యాయము జరుగుచున్నపుడు ఆటను చూచి ఆనందించుట మనస్సాక్షికి విరుద్ధము కాదాయని మీరడుగవచ్చును. ఈ ప్రశ్న గౌరవింపదగినది. 1972లో మ్యూనిచ్‌లో ఇజ్రాయెల్ జట్టువారు పదునొకండుగురు హతులైన పిమ్మట ఆటలు కొనసాగవలెనా యన్న ప్రశ్న నేటికిని తెగలేదు. ఒక పోటీని చూడకుండుట ధర్మమని మీకు తోచినచో చూడకుడు. కాని ఆ నిర్ణయమును ఆటలకు ముందే, నిశ్చలమనస్సుతో, ఏ అన్యాయమునకు నిరసనగా చేయుచున్నారో మీకు మీరే చెప్పుకొని చేయుడు. విసుగుచే మానుట నిరసన కాదు. క్రీడాకారులే నోరువిప్పినపుడు దానిని ఆటకు అంటిన మలినముగా భావింపవలదు. 1968 మెక్సికోలో 200 మీటర్ల పరుగు గెలిచిన టామీ స్మిత్, మూడవవాడైన జాన్ కార్లోస్ పతకవేదికపై పిడికిలెత్తినపుడు, రెండవవాడైన ఆస్ట్రేలియా తెల్లజాతి యువకుడు పీటర్ నార్మన్ మానవహక్కుల బిళ్లను రొమ్మున ధరించి వారికి తోడుగా నిలిచెను. 2006లో నార్మన్ మరణించినపుడు అతని శవపేటికను మోసినవారిలో స్మిత్, కార్లోస్ ఇద్దరును కలరు. ఆ పరుగును, ఆ పిడికిలిని వేరుచేసి చూచుట నాకు సాధ్యము కాదు.

చివరగా, అంతర్జాతీయ క్రీడలు లేని దినములలో ఈ విద్యను మరువకుండుట ముఖ్యము. 2003లో ఆఫ్రో–ఆసియా క్రీడలు జరిగిన హైదరాబాదు మొదలుకొని జిల్లాకేంద్రములవరకు, బాలబాలికల అథ్లెటిక్స్ పోటీలు ఏటేట జరుగుచునే యుండును. సాధారణముగా ప్రవేశరుసుము ఉండదు, ప్రేక్షకులును ఉండరు. మీ జిల్లా పోటీల తేదీని తెలిసికొని, పిల్లలను వెంటబెట్టుకొని పొండు. జావెలిన్ విసరు చోట, రక్షణకంచెకు వెలుపల, పరుగుబాటకు ప్రక్కగా నిలిచినచో పాదములు బాగుగా కనబడును. శిక్షకులు విరామవేళ అడిగినవారికి ఓపికగా చెప్పుదురు. పోటీలు ప్రొద్దుననే మొదలై ఎండలో సాగును గనుక టోపీయు మంచినీరును తీసికొనిపోవలెను.